కేక ఆగినా లాగే చేతులు

"మీ అన్నకు బో వేడి చేసింది అబ్బయా, ఒంటేలు ఎర్రంగా పోతా ఉండాడు" అని మా వదిన ఫోన్‌లో చెప్పింది. కార్తీకం వానలు పడుతున్న రోజులవి. మైపాడు పక్కన మా ఊరి ఇసుక అరికాలికి చల్లగా తగిలే కాలం. ఇంత చలిలో వేడి ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను.

"వేడి చేసేదానికి ఎండే కావాల్నా? పీతలు తిన్నాడు, నీళ్ళు తాగడు, నోట్లో బీడీ ఆరదు. వేడి గాక ఇంకేంది?"

"నొప్పి ఉందా?"

"నొప్పి లేదు, ఏం లేదు. అందుకే వేడి అంటన్నా. నొప్పుంటే రాయి అనుకుందుం."

మా వైపు లోకంలో రెండే జాతులు: వేడి చేసేవి, చలవ చేసేవి. పీత వేడి, బొప్పాయి వేడి. మజ్జిగ చలవ, సబ్జా గింజ చలవ. కళ్ళు మండినా వేడే, నోరు పూసినా వేడే, పెళ్ళయిన పిల్లకు కడుపు పండకపోయినా వేడే. ఈ వేడి మీద నేను ఎన్ని వ్యాసాలు రాశానో, ఎన్ని సభల్లో మాట్లాడానో నాకే గుర్తు లేదు. అన్ని తాళాలనూ తెరిచేది తాళంచెవి కాదు, గడ్డపార అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ చప్పట్లు మా వదిన వంటింటి దాకా వినిపించలేదు.

వదిన బార్లీ కాచి ఇచ్చింది. కొబ్బరి బోండాలు కొట్టించింది. ఎరుపు తగ్గింది. తగ్గదా మరి? ఈ రోగం గుణమే అంత. నెత్తురు చూపిస్తుంది, దానంతట అదే దాచేస్తుంది. ఆ నడుమ ఎవరు ఏది తాగించినా ఘనత తాగించిన వాళ్ళకే దక్కుతుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. రెంటికీ సంబంధం లేదని చెప్పడానికి మన పెద్దలు కాకతాళీయం అని ఒక మాటే కట్టి ఇచ్చారు. మాట మిగిలింది, దాని వెనక బుద్ధి మిగల్లేదు.

నొప్పి లేకుండా మూత్రంలో నెత్తురు పడితే, అదీ ఏళ్ళ తరబడి పొగ తాగిన మగవాడికి పడితే, ఒక్కసారి పడినా చూపించుకోవాలని అన్నకు అప్పుడే ఫోన్‌లో చెప్పాను.

"తగ్గింది గదరా. తగ్గినదాన్ని ఏమని చూపించేది? ఏదీ అని డాక్టరు అడిగితే సీసాలో బార్లీ నీళ్ళు చూపించేదా?" అన్నాడు.

మా అన్న మూర్ఖుడు కాడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సంగతుల్లో మూర్ఖుడొకడు దొరికితే రాసేవాడికీ చదివేవాళ్ళకూ సుఖంగా ఉంటుంది. తప్పంతా అతని నెత్తిన పెట్టి పుస్తకం మూసేయవచ్చు. అన్న చదువు అబ్బక కాదు, ఒడ్డున నిలవలేక సముద్రం మీదికి పోయినవాడు. బడిలో నాకంటే లెక్కలు బాగా చేసేవాడు. దేవుడి మీద అతనికి కోపమూ లేదు, ఆశా లేదు. పడవ దింపేటప్పుడు గంగమ్మకు టెంకాయ కొడతాడు, అందరూ కొడతారు గనక. నేను కొట్టనంటే నవ్వి, "నీ వంతు నేనే కొడతాలే, చిప్ప మాత్రం నీకియ్యను" అనేవాడు.

నేను నెల్లూరులో హాస్టల్లో చేరి చర్చా సభల పిచ్చిలో పడ్డాను. కులం మీద, ముహూర్తాల మీద, ఆత్మ మీద గంటలకొద్దీ వాదించే పెద్దవాళ్ళ మధ్య పెరిగాను. వాళ్ళు నాకు నేర్పిన మొదటి పాఠం, ఎదుటివాడి వాదంలో బలమైన ముక్క ఏదో అది ముందు నువ్వే చెప్పమని. రెండోది, ఉపమానాన్ని రుజువుగా చెల్లనివ్వద్దని. ఉపమానం దీపం, దారి చూపిస్తుంది గాని సాక్ష్యం చెప్పదు అనేవారు. ఈ రెండో పాఠం విలువ నాకు మా అన్న వరండాలో తెలిసింది. తెలిసీ లాభం లేకపోయింది.

పుష్యంలో ఒక పొద్దున పడవ దిగుతూనే అన్న పొత్తికడుపు పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. నెత్తురు గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోయింది. వదిన తమ్ముడు, అన్నతో పొత్తున పడవ నడిపేవాడు, ఆటోలో వేసుకుని నెల్లూరు తెచ్చాడు. "బావ మూలుగుడు చూసి ఆటో అతను కాన్పు కేసనుకున్నాడబ్బా, ఆస్పత్రి మెట్ల మీద దాకా బండెక్కించినాడు" అని నాతో చెప్పి, నవ్వబోయి, మొహం తిప్పుకున్నాడు.

సన్నటి గొట్టం లోపలికి పంపి చూశారు. మూత్రాశయం లోగోడ మీద కణితి ఉంది. కనిపించినంత మేరా గీకి తీశారు. తీసిన ముక్కలు పరీక్షకు వెళ్ళాయి. ఫలితం వచ్చాక డాక్టరమ్మ అన్ననూ వదిననూ నన్నూ కూర్చోబెట్టి మాట్లాడింది. మా జిల్లా మనిషే. రోగులను అన్నా, అక్కా అనే పిలిచేది. లోగోడ, దాని కింద పలచటి పొర, ఆ కింద కండ అని బొమ్మ గీసి చూపించింది. కణితి లోగోడ దాటి పలచటి పొరలో కాలు పెట్టింది, కండను ఇంకా తాకినట్టు కనబడలేదు, కానీ కణాలది చెడ్డ రకం అని చెప్పింది. బీడీ సంగతి ఎత్తింది.

"పొగ ఊపిరితిత్తులకు గదమ్మా పోయేది. ఒంటేలు సంచికి ఎట్ట పోతుంది?" అంది వదిన.

"నెత్తురులో కలిసిపోతుందక్కా. మూత్రపిండాలు నెత్తురును వడగట్టి ఆ విషాన్ని మూత్రంలోకి తోస్తాయి. అది బయటికి పొయ్యేదాకా ఆ సంచిలోనే నిలవుంటుంది. లోగోడంతా అందులో నానతా ఉంటుంది."

వదిన అన్న వైపు చూసింది. అన్న పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

ఆ ముక్కల మీద ఇంకో పరీక్ష కూడా చేయించామని, కణాల పైపొర మీద ఉండే ఒక రకం గ్రాహకాలు చాలా ఎక్కువగా కనబడ్డాయని ఆమె నాతో విడిగా చెప్పింది. ఆ ఒక్క పరీక్షతో ఏదీ తేల్చలేమని కూడా చెప్పింది. కానీ కణాల తీరు, పొరలో దిగిన లోతు, ఈ గ్రాహకాలు, అన్నీ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి. ఇది బహుశా కండలోకి చొచ్చుకుపోయే రకం అని తర్వాత అన్న ముందు కూడా అంది. మూత్రాశయం మొత్తం ఇప్పుడే తీసేయడం మంచిదని చెప్పింది.

ఆ వారం నేను దొరికిందల్లా చదివాను. ఒంట్లో ప్రతి కణానికీ పైపొర మీద చెవుల్లాంటివి ఉంటాయి, అవే ఈ గ్రాహకాలు. ఒక్కో చెవికి ఒక్కో రకం పిలుపే వినబడుతుంది. పిలుపంటే చిన్న రసాయనపు తునక. అది వచ్చి చెవిలో కూర్చుంటే, లోపల ఒకదాన్నొకటి తట్టి లేపుకుంటూ కబురు కణం నడిబొడ్డుకు చేరుతుంది: పెరుగు, చీలు, కదులు. చెయ్యి తెగితే గాయం పూడేది ఇలాగే. పని అయ్యాక పిలుపు ఆగుతుంది, కణమూ ఆగుతుంది. మనం బతికి ఉన్నామంటే ఆ ఆగడం వల్లనే. అన్న కణితిలో ఆ చెవులు ఉండవలసిన దానికంటే ఎన్నో రెట్లు మొలిచాయి. గుసగుస కూడా వాటికి కేకే. అలాంటి కణాలు పెరగడంతో తృప్తిపడవు. పక్క కణాన్ని పట్టుకున్న పట్టు వదులుతాయి, కింద పొరను కరిగించే రసాలు చిమ్ముతాయి, ఆ సందులోంచి పాకుతాయి.

ఇదంతా తెలిసినప్పుడు నాకు మొదట కలిగింది భయం కాదు, ఒక రకమైన విజయగర్వం. దిష్టి లేదు, శాపం లేదు, పూర్వజన్మ లేదు. ఒక ప్రోటీను ఉంది. జీవితమంతా నేను చెబుతూ వచ్చింది ఇదే కదా. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. పేరు తెలిసిన శత్రువు పేరు తెలియని శత్రువు కంటే మెత్తగా కొట్టడు.

అన్న ఇంటికి వెళ్ళాను. వరండాలో వల ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. వదిన తమ్ముడు గడపకు ఆనుకుని ఉన్నాడు. ఎలా చెబితే ఎక్కుతుందా అని దారిలో బస్సులో ఆలోచించుకునే వచ్చాను. మా ఊళ్ళో అలివి వల లాగుతారు. సముద్రంలో వలను వంపుగా దింపి, ఒడ్డున రెండు వైపులా తాళ్ళు పట్టుకుని ఊరంతా లాగే పెద్ద వల అది. కేక పెట్టేవాడు ఒకడుంటాడు. అతని కేక మీదే అన్ని చేతులూ ఒక్కసారి కదులుతాయి. పడుచు వయసు నుంచీ మా ఒడ్డున ఆ కేక మా అన్నదే. గాలికి ఎదురుగా పెట్టినా రెండో తాడు చివరి మనిషికి వినబడేది.

"అన్నా, నువ్వు కేక ఆపితే ఏమవుతుంది?"

"లాగేవోళ్ళు ఆపతారు. ఊపిరి దీసుకుంటారు."

"ఒకడు ఆపకుండా లాగతానే ఉంటే?"

"వల చినగతాది. అట్టాంటోణ్ణి నేను తాడు పట్టనీను."

"నీ సంచిలో పుట్టినోళ్ళు అట్టాంటోళ్ళేనన్నా. కేక ఆగినా వాళ్ళ చెవుల్లో ఆగదు. లాగతానే ఉంటారు. లోగోడ దాటినారు, పొరలోకొచ్చినారు. ఇంక కండ. కండ దాటితే ఒళ్ళంతా వాళ్ళదే. అందుకే సంచి మొత్తం తీసెయ్యాలని డాక్టరమ్మ అంటంది."

అన్న నా మాట శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఒళ్ళోని వల ఎత్తి నా మొహం ముందు చాపాడు.

"ఇది చూడు. పీత కొరికి కన్ను తెగింది. నేనేం జేయాల? ఆ కన్ను అల్లాల. మళ్ళా తెగితే మళ్ళా అల్లాల. ఒక కన్ను తెగిందని వలంతా తీసకపోయి పారేసేవోడు వేటగాడంట్రా? వాడికి పిల్లనిచ్చేది ఎవరు?"

"నీకు మా అక్కనిచ్చింది వలలు బాగా అల్లతావనే బావా. మొహం చూసి కాదు" అన్నాడు వదిన తమ్ముడు.

"తెగిన కన్ను పక్క కన్నును తెంపదన్నా. ఇది తెంపతాది" అన్నాను.

"పీత లోపలుంటే తెంపతాది. గీకి తీసేసినారు గదా పీతను."

"పిల్లలు పెట్టి పోయిందేమోనని."

"ఏమో అంటన్నావే. డాక్టరమ్మ కూడా బహుశా అనే అనింది. నేనూ విన్నా. గీకిందాన్ని గీకినారు, మళ్ళా వస్తే మళ్ళా గీకమను. నేను ఒద్దంటన్నానా?"

ఉపమానం సాక్ష్యం చెప్పదు అని అప్పుడు నేను అనలేకపోయాను, కేకల ఉపమానంతో మొదలుపెట్టింది నేనే గనక. ఇంకో ఉపమానం వెతికాను. అతను దానికీ ఇంకోటి తెచ్చాడు. సముద్రం మీద బతికేవాడికి ఉపమానాలకు కరువేముంది?

అసలు దెబ్బ ఆ "బహుశా" దగ్గర తగిలింది. నేను జీవితమంతా ఆ మాటను పొగిడాను. శాస్త్రానికి అందం ఆ మాటే, తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం శాస్త్రానికే ఉంది, పంచాంగానికి లేదు అని ఊరూరా చెప్పాను. ఇప్పుడా మాట మా అన్న చేతికి పట్టుకొమ్మ అయింది. డాక్టరమ్మ అబద్ధమాడి, ఖాయంగా చస్తావు అని ఉంటే ఒప్పుకునేవాడేమో. ఆమె నిజం చెప్పింది. నిజానికి ఎప్పుడూ అంచుల దగ్గర కాస్త సందు ఉంటుంది. మా అన్న ఆ సందులోంచి బయటికి నడిచాడు.

నేను మూఢనమ్మకంతో కుస్తీకి సిద్ధపడి వెళ్ళాను. అక్కడ మూఢనమ్మకం లేదు. బుచ్చిరెడ్డిపాలెం వైపు నుంచి ఒకడు గడ్డలు కరిగించే వేరు పొడి తీసుకుని వచ్చాడు. ఖాయంగా కరుగుతుంది, నాది పూచీ అన్నాడు. అతని మాటల్లో బహుశా లేదు. అన్న అతనితో, "ముందు నీ పొడి నీ నోట్లో ఏసుకో సామీ, నాలిక కరుగుతుందేమో చూద్దాం" అని పంపేశాడు. నాకు కాస్త ఆశ పుట్టింది. కానీ పొడిని కాదన్నవాడు కత్తిని ఔనంటాడని నియమమేమీ లేదు.

అతని కారణాలు అతనికున్నాయి. మూత్రాశయం తీసేస్తే పొట్టకు బయట సంచి కడతారు. "పొట్టన సంచి కట్టుకోని అలల్లో పడవ నెట్టేదెట్టరా? ఒక్క అల కొడితే సంచి ఊడి చేపల మీద నా ఒంటేలే. కొనేవోళ్ళు ఉప్పు ఎక్కువైందంటారు." నవ్వుతూనే అన్నాడు. కానీ పడవను భుజంతో అలల్లోకి తోసే మనిషి, పొట్ట పడవ అంచుకు ఆనించి బలమంతా పెట్టే మనిషి అడిగిన ఆ ప్రశ్ననే నేను డాక్టరమ్మను అడిగాను. పడవ పని మానుకోవాల్సిందే అని ఆమె చెప్పింది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు. "నిషేధంలో చేయించుకుంటా. మాటిస్తన్నా."

ఈ మాట బయటివాళ్ళకు అర్థం కావాలంటే కొంచెం చెప్పాలి. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ మా తీరంలో మోటారు పడవల వేట నిషేధం. ఏడాది పొడుగునా వాయిదా వేసిన మరమ్మతులన్నీ మావాళ్ళు అప్పుడే పెట్టుకుంటారు. పడవ అడుగున పగుళ్ళు పూడుస్తారు, ఇంజను విప్పుతారు, ఇంటి కప్పు మారుస్తారు. ఒళ్ళు కూడా ఆ మరమ్మతుల్లోదే. పన్ను పీకించుకోవడం, కంటి పొర తీయించుకోవడం, వరిబీజానికి ఆపరేషన్, అన్నీ నిషేధంలోనే. వేట రోజుల్లో ఆపరేషన్ బల్ల ఎక్కినవాణ్ణి పని దొంగ అంటారు. మా నాయన పంటి నొప్పితో చలికాలమంతా లవంగం కొరుకుతూ వేటకు పోయి, నిషేధం మొదలైన నాడు పీకించుకున్నాడు. అందరూ మెచ్చుకున్నారు. ఒళ్ళు మన మాట వింటుందని, చెప్పిన రోజుదాకా ఆగుతుందని మావాళ్ళ నమ్మకం. అది దేవుడి మీద నమ్మకం కాదు గనక దాని మీద నేను ఎప్పుడూ వ్యాసం రాయలేదు.

"అంతదాకా ఆగేది కాదన్నా ఇది" అంది డాక్టరమ్మ.

"గుడ్లు పెట్టేదానికి చేపలే ఆగతాయమ్మా. ఇది ఆగదా?"

ఆగినన్నాళ్ళు ఆగనీ అని, మూత్రాశయంలోకి టీకా మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పసిపిల్లలకు భుజాన వేసే క్షయ టీకా మందే. దాంతో అక్కడ ఒంటి సైన్యాన్ని రెచ్చగొడితే అది కణితి మీద పడుతుంది. కొందరికి బాగా పనిచేస్తుంది. మళ్ళీ బహుశా. అన్నకు మూత్రం పోసినప్పుడల్లా నిప్పు పోసినట్టు మండింది. కొన్నాళ్ళు వెళ్ళాడు, తర్వాత సందువ చేపలు బాగా పడుతున్నాయని మానేశాడు. రెండోసారి గీకి చూడాలని పిలిస్తే, అన్నీ ఒకేసారి నిషేధంలో చూసుకుందామన్నాడు. నేను వెళ్ళి అరిచాను, బతిమాలాను, వదినను ఏడవమన్నాను. వదిన ఏడ్చింది. వదిన తమ్ముడు అలిగి పడవెక్కనన్నాడు. అన్న ఇంకెవరినో తోడు తీసుకుని పోయాడు.

శ్రీహరికోట నుంచి రాకెట్టు వదిలే రోజు ఒకటి వచ్చింది. దక్షిణం వైపు పోవద్దని మైకులో చెప్పడంతో పడవలు దిగలేదు. అన్న ఒడ్డున వల బాగు చేసుకుంటున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. దక్షిణాన సరివి తోపుల మీదుగా ఒక తెల్ల గీత పైకి లేచింది, చాలాసేపటికి ఉరుము లాంటి చప్పుడు వచ్చింది. ఇసుకలో నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"వాళ్ళనడగరాదంట్రా" అన్నాడు అన్న, చెయ్యి ఆపకుండా. "అంత దూరం పొయ్యేదానికి ఈడనుంచి కబురు పంపిస్తే ఆగమంటే ఆగతాదంట. నా సంచిలో వాళ్ళకు కూడా ఒక కబురు పంపమని."

అతను లుంగీ ముడి వదులుగా కట్టుకుని ఉండటం అప్పుడు చూశాను. నడుము నొప్పి అన్నాడు. వల లాగి లాగి పట్టేసిందన్నాడు.

నిషేధం మొదలైన నాడు అన్న మాట నిలబెట్టుకున్నాడు. పడవను ఒడ్డుకు లాగించి, బోర్లించి, తాటాకులు కప్పి, స్నానం చేసి నెల్లూరు బస్సెక్కాడు. వదిన చేతిసంచిలో రెండు లుంగీలు, తువ్వాలు, సబ్బు, గ్లాసు సర్దింది. ఆపరేషన్‌కు పడుకునే మనిషి సామాను అంతా తెచ్చుకున్నాడు. ముందు స్కానింగ్ తీశారు. తీశాక డాక్టరమ్మ చాలాసేపు మమ్మల్ని లోపలికి పిలవలేదు. పిలిచాక ఆ చేతిసంచి వైపే చూస్తూ మాట్లాడింది.

"కండ దాటిపోయిందన్నా. కాలేయంలో ఉంది, నడుము ఎముకలో ఉంది. ఇప్పుడు సంచి తీసినా అవి పోవు. ఆపరేషన్ నొప్పి ఒక్కటే నీకు మిగులుతుంది."

అన్నకు అర్థం కాలేదని నేను అనుకున్నాను. అర్థమైంది.

"ఒప్పుకుంటన్నా గదమ్మా" అన్నాడు. "తీసెయ్. బయట సంచి కట్టు. నేను పడవ మానేస్తా. అప్పుడు ఒద్దన్నానని మనసులో పెట్టుకోబాక."

"మనసులో ఏం పెట్టుకోలేదన్నా."

"మరి తీసెయ్. ఇప్పుడు నాకు పనేం లేదు గదా. నిషేధం."

ఇన్నేళ్ళ నా వాదాల్లో నేను కోరుకున్న జవాబు అదే. ఎదుటివాడు పూర్తిగా, నవ్వులాట లేకుండా, నా మాటకు ఒప్పుకున్నాడు. దాంతో చేయగలిగింది ఏమీ లేదు.

చెవులు మూసే మందులు ఉన్నాయని చదివాను. అవి ఇవ్వమని అడిగాను. కొన్ని రకాల గ్రాహకాలకు అలాంటి మాత్రలు ఉన్నాయని, అన్న కణితిలో పరీక్షిస్తే అది ఆ రకం కాదని తేలిందని ఆమె చెప్పింది. బలమైన మందు ఎక్కించడానికి మూత్రపిండాలు ఒప్పుకోలేదు. నొప్పి తగ్గే మందులు రాసి ఇచ్చింది. వదిన సర్దిన చేతిసంచి విప్పకుండానే తిరిగి మైపాడు బస్సెక్కింది. కిటికీ పక్కన అన్న, "చేపలకు గుడ్లు పెట్టేదానికి టైమిచ్చినాం, దీనిక్కూడా ఇచ్చినట్టుండామే" అన్నాడు.

నమ్మకస్తులకు ఇలాంటప్పుడు ఒక ఆసరా ఉంటుంది. దేవుడి చిత్తం అంటారు, చేతులు జోడిస్తారు, అక్కడికి ఒక గట్టు తగులుతుంది. మా వీధి క్రైస్తవ కుటుంబం వచ్చి అన్న మంచం పక్కన మోకరించి పాట పాడి వెళ్ళారు. అన్న కళ్ళు మూసుకుని విన్నాడు. నేను బయట నిలబడ్డాను. వాళ్ళను వెక్కిరించాలని నాకు అనిపించలేదు, వాళ్ళతో కూర్చోవాలనీ అనిపించలేదు. నాకున్న విద్య ఒక్కటే, వాదించడం. ఒక ప్రోటీనుతో ఏమని వాదించను? దానికి చెవి ఉంది గాని బుద్ధి లేదు. దురుద్దేశం లేదు. ఓడిపోయినా దానికి తెలియదు, గెలిచినా దానికి తెలియదు. తెలుసుకుంటే చాలు, సగం గెలిచినట్టే అని నేను ఇన్నాళ్ళూ రాశాను. అది తప్పు. తెలుసుకోవడం తెలుసుకోవడమే. గెలవడం వేరే పని.

నిషేధం మోటారు పడవలకే గాని చేతులతో లాగే వలకు లేదు. అన్న మంచంలోనుంచి లేవడం తగ్గిన రోజుల్లో ఒక పొద్దున ఊళ్ళో అలివి వల దింపారు. తనను ఒడ్డుకు తీసుకుపొమ్మన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వదిన తమ్ముడూ నేనూ మోసుకుపోయాం, వదిన వెనకే వచ్చింది. కుర్చీ దించాక వదిన తమ్ముడు పోయి తాడు పట్టాడు. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు చూసి పలకరించారు.

"ఏం మామా, ఊరేగింపుగా వచ్చినావే. ఒక కేక పెట్టు, చేపలు నీ గొంతు మర్చిపోయినాయి."

అన్న కుర్చీ చేతులు పట్టుకుని కొంచెం ముందుకు వంగాడు. కేక పెట్టాడు. పాత గొంతు కాదు, కానీ లయ అదే. రెండు తాళ్ళూ ఒక్కసారి బిగిశాయి. మడమలు ఇసుకలో దిగాయి. ఇంకో కేక. తాళ్ళు వెనక్కి వచ్చాయి. అలా కొంతసేపు నడిచింది. వదిన మొహంలో ఎన్నాళ్ళకో కాస్త రంగు చూశాను. ఆ తర్వాతి కేక సగంలో తెగింది. అన్న నడుము పట్టుకుని తల వాల్చాడు.

చేతులన్నీ ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. రెండు తాళ్ళూ సడలి నీళ్ళలో వేలాడాయి, అంతమందీ తలలు తిప్పి కుర్చీ వైపు చూస్తూ నిలబడ్డారు.

అన్న తల ఎత్తి వాళ్ళను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"చూడరా" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. "ఆపినారు."

కొంచెం ఊపిరి తీసుకుని బావమరిదికి సైగ చేశాడు. అతను తాడు వదిలి వచ్చి కేక అందుకున్నాడు. లయ కుదరలేదు, తాళ్ళు చెరోవైపు లాగారు, అయినా వల వచ్చింది. నిండా చిన్న కవళ్ళ చేపలు. అన్న వాటిని చూడకుండానే ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

నిషేధం ఎత్తేసి పడవలు దిగేనాటికి అన్న లేడు.

ఈ మధ్య వదిన ఫోన్ చేసింది. ఆ రోజు తాడు పట్టినవాళ్ళలో ఒకతనికి ఒంటేలు ఎర్రగా పడుతోందట. వదిన వాళ్ళింటికి పోయి ఆస్పత్రికి తీసకపొమ్మని అతని భార్యతో చెప్పిందట. ఆమె అన్నదట: "నీ మొగుడు ఆస్పత్రికి పొయ్యే గదక్కా పోయినాడు? కత్తి తగిలే గదా ఒళ్ళంతా పాకింది? ఇంట్లో ఉన్నన్నాళ్ళు పడవెక్కతానే ఉండె."

"నువ్వేమన్నావు వదినా?" అని అడిగాను.

"ఏమనేది? నా కళ్ళముందరే బార్లీ పొయ్యి మీద పెట్టింది."

నేను బయల్దేరి వెళ్ళాను. అతనికి అంతా మొదటినుంచి చెప్పాను, ఈసారి ఒక్క ఉపమానం కూడా వాడకుండా. మర్యాదగా విన్నాడు, మజ్జిగ ఇప్పించాడు. నిన్నటినుంచే తగ్గిందన్నా, ఇప్పుడు తెల్లగా పోతోంది అన్నాడు.